ప్రదర్శనలో పెట్టకముందే పేటెంటుకి దరఖాస్తు వేయండి

మీరు అడిగింది ఇదీ: కదిరి దగ్గర మీ నాన్నగారి వర్క్‌షాప్‌లో వేరుశనగ కాయలు వలిచే మిషన్‌కి ఒక మార్పు చేశారు, పప్పు చిట్లడం బాగా తగ్గింది, వచ్చే నెల వ్యవసాయ ప్రదర్శనలో పెట్టి, ఆర్డర్లు వస్తే ఆ డబ్బుతో పేటెంటు సంగతి చూద్దామనుకుంటున్నారు. పేటెంటు పనులు చూసే ఏజెంటు 80 వేలు అడిగారని టెన్షన్ కూడా ఉంది. దయచేసి ఆ వరస మార్చండి. ముందు దరఖాస్తు, తర్వాతే ప్రదర్శన. నేను నష్టపోయి నేర్చుకున్న సంగతి ఇది.

మాది గుంటూరు ఆటోనగర్‌లో చిన్న షెడ్డు. మిర్చికి తొడిమ తీసే మిషన్ కోసం రెండు సీజన్లు కష్టపడ్డాం. అది సరిగ్గా పనిచేసిన రోజు మా అక్క కొడుకు సంబరంగా ఫోన్‌లో వీడియో తీసి ఆ రాత్రే యూట్యూబ్‌లో పెట్టాడు. మూత తీసి ఉంది, లోపల రోలర్లు, వాటి మీద రబ్బరు వేళ్లు, వాటి మధ్య సందు, అన్నీ దగ్గరగా కనిపిస్తున్నాయి. తర్వాత మూడు మిషన్లు అమ్మాం. ఆ తర్వాత 7 నెలలకి ఎవరో చెబితే పేటెంటుకి వేశాం. ఆఫీసు నుంచి ఎఫ్‌ఈఆర్, అంటే మొదటి పరీక్ష రిపోర్టు వచ్చింది. తెరిచి చూస్తే, ఇందులో కొత్తదనం లేదనడానికి వాళ్లు చూపించిన మొదటి ఆధారం మా వీడియోనే. లింకు ఉంది, అప్‌లోడ్ చేసిన తేదీ ఉంది, ఏ నిమిషం దగ్గర రోలర్ల అమరిక కనిపిస్తోందో అది కూడా రాశారు. ఆ కాగితం పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. నా మిషనే కదా, నేనే కదా చూపించింది అంటే కుదరదు. అమెరికాలో అయితే సొంతంగా బయటపెట్టుకున్నా ఏడాది గడువు ఉంటుంది, మన దగ్గర ఆ వెసులుబాటు చాలా తక్కువ. కేంద్ర ప్రభుత్వం గెజిట్‌లో నోటిఫై చేసిన ప్రదర్శనలకి మినహాయింపు ఉంది గానీ, ప్రతి జిల్లా మేళా అందులోకి వస్తుందనుకోకండి. ఆ దరఖాస్తు వదిలేసుకున్నాం. ఇప్పుడు వేరే ఊళ్లలో అచ్చం మా అమరికతోనే చేసి అమ్ముతున్నారు, ఇదేమిటని అడిగే హక్కు మాకు లేదు.

ఇక డబ్బు సంగతి. మీరు ఇప్పుడు వేయాల్సింది ప్రొవిజనల్ దరఖాస్తు, అంటే తేదీ దక్కించుకోవడానికి ముందుగా వేసే తాత్కాలిక దరఖాస్తు. వ్యక్తి పేరు మీదైనా, ఉద్యమ్ (చిన్న పరిశ్రమలకి కేంద్రం ఇచ్చే) రిజిస్ట్రేషన్ ఉన్న చిన్న సంస్థ పేరు మీదైనా ఆన్‌లైన్‌లో వేస్తే ప్రభుత్వ ఫీజు 1,600 రూపాయలు, పెద్ద కంపెనీలకైతే 8,000. సంస్థ పేరుతో వేస్తే ఫారం 28తో పాటు ఉద్యమ్ సర్టిఫికెట్ పెట్టాలి, అది మర్చిపోయి ఎక్కువ కట్టినవాళ్లు నాకు తెలుసు. ప్రొవిజనల్ వేసిన తేదీ మీది అవుతుంది, అక్కడి నుంచి 12 నెలల్లోపు పూర్తి స్పెసిఫికేషన్, అంటే మిషన్ పూర్తి వివరాల పత్రం వేయాలి. ఆ ఏడాదిలో మిషన్ అమ్ముడవుతుందో లేదో మీకే తెలిసిపోతుంది, అమ్ముడుపోకపోతే పెద్ద ఖర్చు పెట్టకుండా ఆగిపోవచ్చు. అయితే ప్రొవిజనల్ అంటే నాలుగు వాక్యాలు రాసి పడేసేది కాదు, అందులో లేని విషయానికి ఆ తేదీ రాదు. డ్రాయింగులు, కొలతలు, మీకు తట్టిన ఇతర రకాల అమరికలు అన్నీ పెట్టండి. తర్వాత పరీక్ష చేయమని ఫారం 18 మనమే వేయాలి, మనకి ఫీజు 4,000. మొదటి తేదీ నుంచి 31 నెలల్లోపు వేయకపోతే దరఖాస్తు పోయినట్టే. తొందరగా కావాలంటే చిన్న సంస్థలకి 8,000 కట్టి త్వరిత పరీక్ష అడిగే దారి ఉంది.

అంటే 80 వేలల్లో ఎక్కువ భాగం ఏజెంటు ఫీజే. అది దండగ అనను, రాసేవాళ్లని బట్టే పేటెంటు నిలుస్తుంది. కానీ ఎఫ్‌ఈఆర్‌కి జవాబు రాయడం అందులో కలిసి ఉందా, విడిగా తీసుకుంటారా అని ముందే అడగండి. క్లెయిములు, అంటే దేని మీద హక్కు కోరుతున్నామో చెప్పే వాక్యాలు, మీరు స్వయంగా చదవండి. మా రెండో మిషన్‌కి వచ్చిన మొదటి డ్రాఫ్టులో 'నాలుగు రోలర్లు, 2 హెచ్‌పీ మోటారు' అని రాసి ఉంది. ఐదు రోలర్లు పెట్టినవాడిని పట్టుకోలేం కదా అని అడిగితే అప్పుడు మార్చారు. మీ విషయంలో అసలు కిటుకు జాలీకీ డ్రమ్ముకీ మధ్య సందు స్ప్రింగుతో దానంతట అదే సర్దుకోవడం అయితే, ఆ సర్దుబాటు పనిచేసే తీరు మీదే క్లెయిము ఉండాలి. తెలిసిన భాగాలని పక్కపక్కన బిగించి, దేని పని అది చేసుకుంటూ పోయేదానికి పేటెంటు ఇవ్వరు, పేటెంటు చట్టంలో సెక్షన్ 3(ఎఫ్) అదే చెబుతుంది. అందుకే లెక్క చూపించాలి. పాత జాలీతో పది కేజీలు, కొత్తదానితో పది కేజీలు వలిచి, చిట్లిన పప్పు విడిగా తూచి, తేదీ వేసి నోట్‌బుక్‌లో రాసుకోండి. రాజ్‌కోట్ వాళ్లు ఈ మిషన్లు ఎప్పటినుంచో చేస్తున్నారు కాబట్టి, వాళ్ల మిషన్లనీ గూగుల్ పేటెంట్స్‌నీ ముందే ఓపిగ్గా వెతకండి.

అన్నీ పేటెంటులో పెట్టాలని కూడా లేదు. దరఖాస్తు 18 నెలలకి ప్రచురిస్తారు, ఎవరైనా చదువుకోవచ్చు. మిషన్ విప్పితే కనిపించేదానికి పేటెంటు వేయండి, విప్పినా తెలియనిది దాచుకోండి. మా రబ్బరు వేళ్లకి ఏం కలుపుతామో ఇప్పటికీ ఇద్దరికే తెలుసు. ఇక పేరు. మీ మిషన్ పేరుకి ట్రేడ్‌మార్క్ ఫీజు చిన్న సంస్థకి ఒక్కో క్లాసుకి (సరుకు రకానికి) 4,500, పదేళ్లకోసారి రెన్యువల్ చేసుకుంటూ పోవచ్చు. పేటెంటు 20 ఏళ్లే. నన్నడిగితే మన స్థాయిలో పేరే ఎక్కువ కాపాడుతుంది, ఎందుకంటే రైతు వచ్చి అడిగేది పేరు చెప్పే.

డ్రాయింగులు ఇంజనీరింగ్ కాలేజీలో ఉన్న స్నేహితుడు గీశాడని రాశారు. కేవలం గీసి ఇచ్చాడా, స్ప్రింగు ఆలోచన అతనిదా? అతనిదైతే ఇన్వెంటర్‌గా అతని పేరు పెట్టాల్సిందే, హక్కు మీ సంస్థకి రాసిచ్చినట్టు సంతకం ఇప్పుడే తీసుకోండి. స్నేహం బాగున్నప్పుడే ఈ పని అయిపోవాలి. అతని కాలేజీకి ఇలాంటి వాటి మీద హక్కు ఉందనే నిబంధన ఏమైనా ఉందేమో కూడా కనుక్కోమనండి.

ప్రొవిజనల్ వేసి, నంబరు చేతికొచ్చాక ప్రదర్శనకి నిశ్చింతగా వెళ్లండి. మూత మాత్రం వేసే ఉంచండి. బ్యానర్ మీద 'పేటెంటుకి దరఖాస్తు చేశాం' అని రాయించండి. 'పేటెంటు ఉంది' అని రాయిస్తే తప్పుడు ప్రకటన కింద 10 లక్షల దాకా జరిమానా పడొచ్చు. ప్రదర్శనకి రెండు వారాలే మిగిలి ఉంటే ఇక్కడే చెప్పండి, ప్రొవిజనల్‌లో ఏమేం ఉండాలో మాది చూసి వరసగా రాసి పెడతాను.