షార్ట్ ఫిల్మ్ ఎక్కడ పెట్టాలి?

ప్రశ్న: నేను సొంతంగా షార్ట్ ఫిల్ములు, చిన్న చిన్న యానిమేషన్లు చేస్తుంటాను. యూట్యూబ్ చాలని కొందరు, విమియో (అదీ యూట్యూబ్ లాంటి వీడియో సైటే) అయితేనే పద్ధతిగా ఉంటుందని కొందరు అంటున్నారు. డబ్బు కట్టి విమియో తీసుకోవాలా?

జవాబు: మీ వీడియో ఎవరు చూడాలో ముందు తేల్చుకోండి. ముక్కూ మొహం తెలియని జనం చూడాలంటే యూట్యూబే, అందులో రెండో మాట లేదు. పైసా కట్టక్కర్లేదు. కాకపోతే ప్రకటనల ఆదాయంలో వాటా రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లతో పాటు ఏడాదిలో 4,000 గంటల వీక్షణో, 90 రోజుల్లో 'షార్ట్స్' అనే చిన్న నిలువు వీడియోలకు కోటి వ్యూసో ఉండాలి. అంత రాకముందు కూడా మీ వీడియో మీద యూట్యూబ్ వాళ్లు ప్రకటనలు వేసుకోవచ్చు, ఇది చాలామందికి తెలియదు.

క్లయింటుకో ఫిల్మ్ ఫెస్టివల్ వాళ్లకో చూపించాలంటే లెక్క వేరు. లింకు పంపేశాక టైటిల్స్‌లో కెమెరామన్ పేరు తప్పు పడిందని కనబడిందనుకోండి, యూట్యూబ్‌లో ఆ ఫైలు స్థానంలో కొత్తది పెట్టడం కుదరదు, మళ్లీ అప్‌లోడ్ చేయాలి, లింకు మారిపోతుంది, వ్యూసూ కామెంట్లూ పాతదాంతోనే ఉండిపోతాయి. విమియోలో లింకు అలాగే ఉంచి ఫైలు మార్చేయొచ్చు. పాస్‌వర్డ్ కూడా పెట్టుకోవచ్చు. యూట్యూబ్‌లో 'అన్‌లిస్టెడ్' అంటే రహస్యం కాదు, లింకు దొరికిన ఎవరైనా చూసేస్తారు.

ఆన్‌లైన్‌లో అందరికీ విడుదల చేసిన సినిమాను కొన్ని ఫెస్టివల్స్ తీసుకోవు, కాబట్టి వాటికి పంపే ఆలోచన ఉంటే తొందరపడి పబ్లిక్ చేయకండి, పాస్‌వర్డ్ లింకుతోనే నడిపించండి. ఆ అవసరం లేకపోతే ఇప్పుడే డబ్బు కట్టకండి. ఎక్కడ పెట్టినా వీడియోను వాళ్లు మళ్లీ కంప్రెస్ చేస్తారు (సైజు తగ్గిస్తారు), అందుకని మాస్టర్ ఫైలు, అంటే పూర్తి నాణ్యత ఉన్న అసలు ఫైలు మాత్రం మీ దగ్గర రెండు హార్డ్ డిస్కుల్లో ఉంచుకోండి.