అడగండి, చెబుతాం: వోల్గా ఒడ్డున మారీల మొక్కులు

ప్రశ్న: రష్యాలోని మారీ జాతివాళ్లు క్రైస్తవానికి ముందున్న తమ మతాన్ని 1990ల్లో మళ్లీ మొదలుపెట్టారని చదివాను. మధ్యలో తెగిపోయినదాన్ని ఇప్పుడు అతికిస్తే అది పాత మతం ఎలా అవుతుంది? కల్పించుకున్నదే కదా?

జవాబు: తెగిపోయిందని ఎవరు చెప్పారండీ? నా పేచీ అక్కడే. మారీల భాష ఫిన్నిష్‌కి దూరపు చుట్టం. 1552లో తాతార్ల రాజధాని కజాన్ నగరం రష్యా చక్రవర్తి జార్ చేతికి చిక్కాక మారీల మీద చర్చి ఒత్తిడి పెరుగుతూ వచ్చింది. కొందరు బాప్టిజం తప్పించుకోడానికి తూర్పున బష్కొర్తొస్తాన్ వైపు పోయారు. మిగిలినవాళ్లలో చాలామంది బాప్టిజం పుచ్చుకున్నారు, అడవిలో మొక్కులూ మానలేదు. ఆదివారం చర్చికెళ్లి, పండగకి అడవికెళ్లేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లు కొలిచే వీరుడు చుంబిలాత్ రాతికొండని 19వ శతాబ్దంలో చర్చి పెద్దలు మందుగుండు పెట్టి పేల్పించారు. కొంత రాయి పోయింది, భక్తులు పోలేదు. సోవియట్ కాలంలో పూజారులని పట్టుకుపోతే పల్లెల్లో చాటుగా మొక్కుకున్నారు. 1991లో జరిగిందల్లా, ఆ చాటు పోయి అందరూ కలిసి బహిరంగంగా మొక్కుకోవడం.

పూజ జరిగే పవిత్ర వనాన్ని క్యుసొతో అంటారు, పూజారిని కార్ట్ అంటారు. తెల్లబట్టలతో వెళ్లాలి, కొమ్మ విరవకూడదు, గొంతు పెంచకూడదు. బాతునో గొర్రెనో తెచ్చి నీళ్లు చల్లుతారు. అది వణికితే దేవుడు ఒప్పుకున్నట్టు. (చన్నీళ్లు పడితే వణకని గొర్రె ఉంటుందా అని నా అనుమానం. అది వేరే సంగతి.) తర్వాత పెద్ద పెద్ద కళాయిల్లో వండి, అందరూ అక్కడే కలిసి తింటారు.

కొత్తదేమీ లేదని అనను. రిజిస్టరైన సంస్థలు, చదువుకున్నవాళ్లు రాసిన సిద్ధాంతాలు ఈ కాలానివే. మీ అనుమానం వాటి మీదైతే ఒప్పుకుంటాను. పల్లెలో ముసలమ్మ మొక్కుకి మాత్రం ఆ కాగితాలతో పని లేదు.

ప్రశ్న: మరి ప్రభుత్వం ఇప్పుడు అడ్డు చెప్పదా?

జవాబు: రష్యాలో మారీల పేరుతో ఉన్న మారీ ఎల్ రిపబ్లిక్‌లో ఆర్థొడాక్స్ క్రైస్తవం, ఇస్లాంలతో పాటు దీన్నీ సంప్రదాయ మతంగానే చూస్తారు. కానీ అంతా సాఫీగా లేదు. ఇతర మతాలని విమర్శిస్తూ చిన్న పుస్తకం రాసిన ఒక కార్ట్‌కి 2006లో రాజధాని యోష్కర్-ఓలా కోర్టు 120 గంటల నిర్బంధ పని శిక్ష వేసింది. వనంలో మొక్కుకుంటే పరవాలేదు. అచ్చువేస్తేనే టెన్షన్.