శైథిల్యమా, క్రమక్షయమా?

సందేహం: మా అమ్మాయి భారతదేశ భూస్వరూపాల పాఠం చదువుతూ, ‘శైథిల్యం, క్రమక్షయం రెండూ ఒకటే కదా?’ అని అడిగింది. నాకూ అలాగే అనిపించింది. ఒకదాని బదులు ఇంకొకటి రాయొచ్చా? పేపర్లలో ‘కోత’ అని రాస్తుంటారు, అది సరైన మాటేనా?

సమాధానం: రాయకూడదు. రాయి ఉన్నచోటే వదులైపోవడం శైథిల్యం. అలా వదులైనదాన్ని నీరో, గాలో, కెరటమో పట్టుకుపోవడం క్రమక్షయం. ‘శిథిలం’ అంటే సంస్కృతంలో సడలినది, వదులైనది అని అర్థం. కూలిన కోటలకూ పాత భవనాలకూ వాడీ వాడీ మనకు ‘పాడుబడినది’ అన్న అర్థమే మిగిలింది. మీ అమ్మాయి తికమకపడటంలో వింతేమీ లేదు.

హైదరాబాద్ చుట్టుపక్కల ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు కనిపించే గ్రానైట్ గుండ్లను చూపించండి. ఆ రాయి నేల లోపల ఉండగానే పగుళ్ల వెంట నీరు దిగి అంచుల్ని మెత్తబరిచింది. మూలలకు రెండు మూడు వైపుల నుంచి నీరు తగులుతుంది కాబట్టి అవి ముందే పొడిపొడి అయిపోయి, నడిమి భాగం గుండ్రంగా, గట్టిగా నిలిచింది. ఇంతవరకూ శైథిల్యమే. ఆ తర్వాత వాననీళ్లు చుట్టూ ఉన్న గరుసును కడిగేసి గుండ్లను బయటపెట్టాయి. అది క్రమక్షయం. రెండూ కలిస్తేనే ఆ రూపం వచ్చింది.

దక్కన్ పీఠభూమిలో సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట పారిన లావా గట్టిపడి బసాల్ట్ అయింది. ఆ రాయి శైథిల్యం చెందితే వచ్చిన నేల నల్లరేగడి. దీన్ని ‘క్రమక్షయం వల్ల ఏర్పడిన నేల’ అని రాస్తే తప్పు.

ఇక ‘కోత’ చక్కని మాట. ‘ఉప్పాడ తీరం కోతకు గురవుతోంది’ అంటే ఎవరికైనా ఇట్టే అర్థమవుతుంది. ఎర్రమల కొండల్ని పెన్నా నిలువునా కోసిన చోట ఉన్న కోట గండికోట. పరీక్షలో క్రమక్షయం అని రాయక తప్పకపోయినా, ఇంట్లో చెప్పేటప్పుడు కోత అనే చెప్పండి. థార్ ఎడారిలో గాలి ఇసుకను ఎత్తుకుపోవడాన్ని మాత్రం కోత అంటే నా చెవికి అంతగా పొసగదు. అక్కడ క్రమక్షయమే నయం.

కోతకు జోడీ మాట మేట. పాఠాల్లో దీన్ని ‘నిక్షేపణ’ అంటున్నారు. ఒండ్రు, మేట ఒకటే అనుకునేవాళ్లూ ఉన్నారు. నది మోసుకొచ్చే మెత్తటి మట్టి ఒండ్రు, అది పేరుకోవడం మేట. అందుకే ఇసుక మేట కూడా ఉంటుంది. ‘గంగా మైదానం నిక్షేపణ చెందుట వలన ఏర్పడినది’ అనే బదులు ‘హిమాలయాల నుంచి నదులు తెచ్చిన ఒండ్రు మేట వేసి గంగా మైదానం ఏర్పడింది’ అని రాయనివ్వండి. మార్కులు తగ్గించడానికి అందులో తప్పేమీ లేదు.