ఇంజినీరింగ్, డేటా, చట్టం, జనాభిప్రాయం: నాలుగూ కలిపి కరెంటు మీద పీహెచ్‌డీ చేయవచ్చా?

అడిగినవారి ప్రశ్న క్లుప్తంగా ఇది: "ఈఈఈలో ఎంటెక్ అయ్యింది. విద్యుత్ రంగంలో పీహెచ్‌డీ చేయాలనుంది. ఒక్క ఇంజినీరింగే కాకుండా కంప్యూటర్లు, చట్టం, జనం ఏమనుకుంటున్నారు అన్నవీ కలిసే టాపిక్ తీసుకోమంటున్నారు. నిజంగా కుదురుతుందా, లేక రెంటికీ చెడ్డ రేవడినవుతానా?"

కుదురుతుంది. నేను చేసింది అలాంటిదే. మీ భయం కూడా నిజమే, కానీ చెడేది నాలుగు సబ్జెక్టులు పట్టుకున్నందుకు కాదు, టాపిక్ గాల్లో ఉన్నందుకు. "ఇంధన రంగ మార్పులో సాంకేతిక, న్యాయ, సామాజిక కోణాలు" అని సినాప్సిస్ రాసుకున్నవాళ్లను ఇద్దరు ముగ్గురిని చూశాను. వైవా దాకా వెళ్లినవాళ్లు తక్కువ. చేత్తో ముట్టుకోగలిగే వస్తువు ఒకటి పెట్టుకోండి. నాది పొలంలో మోటారుకు పెట్టే మీటరు.

తెలుగు రాష్ట్రాల్లో ఆ మీటరుకు పెద్ద చరిత్రే ఉంది. ఎన్టీఆర్ హయాంలో హార్స్‌పవర్‌కు ఇంత అని ఏడాది లెక్కన కట్టేవారు, ఎంత కాల్చినా ఒకటే. 2000 ఆగస్టు 28న కరెంటు చార్జీల పెంపు మీద హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో జరిగిన ఆందోళనపై పోలీసు కాల్పుల్లో ముగ్గురు చనిపోయారు. 2004 మే 14న వైఎస్ ప్రమాణ స్వీకారం చేసిన వేదిక మీదే ఉచిత విద్యుత్ ఫైలుపై సంతకం పెట్టారు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి 24 గంటల ఉచిత కరెంటు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 సెప్టెంబరులో, కరెంటు ఉచితమే కానీ మోటారుకు మీటరు పెట్టి, సబ్సిడీ డబ్బు రైతు ఖాతాలో వేసి, అక్కడి నుంచి డిస్కంకు (కరెంటు పంపిణీ సంస్థకు) వెళ్లేలా చేస్తామని ఉత్తర్వులిచ్చి శ్రీకాకుళం జిల్లాలో మొదలుపెట్టారు. అదే సమయంలో తెలంగాణ ప్రభుత్వం మోటార్లకు మీటర్లు పెట్టేదే లేదంది. ఇంత వేడి ఉన్న వస్తువు మీద కేవలం మీటరు కచ్చితత్వం గురించి థీసిస్ రాస్తే చదివేదెవరు?

ఇంజినీరింగ్‌తోనే మొదలుపెట్టాను, నాకు వచ్చింది అదే కాబట్టి. అనంతపురం వైపు చీనీ (బత్తాయి) తోటల మధ్య ఉన్న ఒక ట్రాన్స్‌ఫార్మర్‌కు, డిస్కం అనుమతితో, నిమిషానికోసారి కరెంటు, వోల్టేజీ నమోదు చేసే లాగర్ పెట్టాం. 5 హార్స్‌పవర్ మోటారు నడిచేటప్పుడు సుమారు 7 ఆంపియర్లు తీసుకుంటుంది, మొదలయ్యేటప్పుడు మాత్రం ఐదారు రెట్లు లాగుతుంది. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ పూర్తి సామర్థ్యం దాదాపు 35 ఆంపియర్లు. కింద ఐదు మోటార్లుంటే మామూలుగా నడిచేటప్పుడే నిండిపోతుంది. ఐదూ ఒక్కసారిగా లేస్తే 200 దగ్గరికి పోతుంది. ప్రతి స్టార్టర్ డబ్బాలోనూ కరెంటు రాగానే మోటారును దానంతటదే వేసే ఆటో స్టార్టర్ ఉంటుంది కాబట్టి త్రీఫేజ్ వచ్చిన నిమిషంలోనే అన్నీ లేస్తాయి. ఫ్యూజులు పోవడం, ట్రాన్స్‌ఫార్మర్లు కాలడం, వోల్టేజీ పడిపోయి మోటారు వైండింగ్ మాడడం, అన్నిటికీ ఇదొక మూలం. పుస్తకం చెప్పే పరిష్కారం తేలిక: ఆటో స్టార్టర్లు తీసేయండి. కరెంటు ఏ వేళకు వస్తుందో నమ్మకం లేని చోట, అర్ధరాత్రి పాములున్న గట్ల వెంట నడిచి మోటారు వేయమని రైతుకు చెప్పడం అది. పైగా పక్క పొలంవాడు తీయకపోతే నేనెందుకు తీయాలి అంటాడు. ఆ అనడంలో న్యాయముంది.

కంప్యూటర్ సైన్సు కుర్రాళ్లు వచ్చింది ఇక్కడ. ఒకేచోట కొలిచిన కరెంటును బట్టి ఏ యంత్రం ఎప్పుడు నడుస్తోందో విడదీసే విద్య ఒకటుంది. ఎంఐటీలో జార్జ్ హార్ట్ 1980ల్లో మొదలుపెట్టి, 1992లో దాని మీద పేరుమోసిన వ్యాసం రాశారు. 2014లో ఎన్‌ఐఎల్‌ఎంటీకే అనే ఉచిత సాఫ్ట్‌వేర్ కూడా వచ్చింది, దాని వెనుక ఢిల్లీ ట్రిపుల్ఐటీ వాళ్లున్నారు. ఇళ్లలో ఫ్రిజ్, ఏసీ వేరువేరు వేళల్లో ఆన్ అవుతాయి కాబట్టి గ్రాఫులో మెట్లు మెట్లుగా కనిపిస్తాయి. మా గ్రాఫులో మెట్లు లేవు, ఒక్కటే గోడ. ఆటో స్టార్టర్ల పుణ్యం. కుర్రాళ్లు తలలు పట్టుకున్నారు. చివరికి లెక్కను తిరగేశారు. ఆన్ అవడాన్ని వదిలేసి, ఆగిపోవడాన్ని లెక్కపెట్టారు. మోటార్లన్నీ కలిసి లేస్తాయి కానీ ఆగేటప్పుడు కొన్ని ఒక్కొక్కటిగా ఆగుతాయి. బోరులో నీళ్లు తగ్గి గాలి లాగినప్పుడు ప్యానెల్ మోటారును ఆపేస్తుంది, కాసేపటికి మళ్లీ వేస్తుంది.

సాఫ్ట్‌వేరు ఆ ఆగడాలను "సరఫరా లోపం" అని గుర్తు పెట్టింది. తోటలో ఒకాయన గ్రాఫు చూసి, "లోపం యాడిది సార్? బోరు గ్యాప్ ఇస్తాంది, అంతే" అన్నాడు. ఆ ఒక్క మాటతో ఆ ట్రాన్స్‌ఫార్మర్ గ్రాఫు భూగర్భజలాల గ్రాఫుగా మారిపోయింది. నా థీసిస్‌లో బాగా పేరొచ్చిన అధ్యాయం అదే, నిజానికి సగం ఆయనదే.

మీటరు లేని మోటార్లు ఎంత కాల్చాయో ఎలా లెక్కేస్తారని మీకు అనుమానం రావచ్చు. కొన్ని ట్రాన్స్‌ఫార్మర్లను శాంపిల్‌గా తీసుకుని, వాటికి మీటర్లు పెట్టి, ఆ లెక్కను మిగతావాటికి విస్తరిస్తారు. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ పద్ధతి కాబట్టి ఐఎస్ఐ పద్ధతి అంటారు. లైన్లలో పోయిన కరెంటును, దొంగిలించిన కరెంటును కూడా రైతు ఖాతాలో రాస్తున్నారన్న విమర్శ ఎప్పటినుంచో ఉంది. మీ మోటార్లకు మీటర్లుంటే ఆ నింద తప్పుతుంది కదా అని మేం రైతులతో వాదించేవాళ్లం. ఎవరూ ఒప్పుకునేవారు కాదు.

ఎందుకు ఒప్పుకోరు? సర్వేలో దాదాపు అందరూ ఒకే మాట చెప్పారు: "ఈరోజు మీటరు, రేపు బిల్లు." ప్రభుత్వం డబ్బు వేయడం ఆలస్యమైతే మా గతేంటి అని. మా ఇంజినీరింగ్ బృందం ఆ జవాబులన్నిటినీ "అవగాహన లోపం" అనే కాలమ్‌లో వేసింది. న్యాయశాస్త్రం నుంచి వచ్చిన మేడమ్ ఆ షీటు చూసి, విద్యుత్ చట్టం 2003 తెరిచి సెక్షన్ 65 చదవమన్నారు. సబ్సిడీ ఇవ్వాలనుకున్న రాష్ట్ర ప్రభుత్వం ఆ మొత్తాన్ని ముందుగానే చెల్లించాలని అందులో ఉంది. దాని కింద ఒక ప్రొవైజో (షరతు) ఉంది: డబ్బు చెల్లించకపోతే ప్రభుత్వ సబ్సిడీ ఆదేశం చెల్లదు, విద్యుత్ నియంత్రణ మండలి (కమిషన్) నిర్ణయించిన టారిఫే వర్తిస్తుంది. సెక్షన్ 56 ప్రకారం బకాయి పడినవారికి 15 రోజుల నోటీసిచ్చి కరెంటు తీసేయవచ్చు. పాత పద్ధతిలో రైతుకు యూనిట్ల లెక్కే లేదు కాబట్టి ఆ గొడవంతా ప్రభుత్వానికీ డిస్కంకూ మధ్యే ఉండేది. మీటరు వచ్చి, బిల్లు ఆయన పేరున పుట్టి, డబ్బు ఆయన ఖాతా మీదుగా నడిస్తే, ఆలస్యమైన రోజున బాకీదారు ఎవరు? చట్టం ఒక్క లైనూ చదవని మనిషి దాని సారాన్ని మాకంటే బాగా పట్టుకున్నాడు. కాలమ్ పేరు మార్చాం. ఆ మార్పుతో సర్వే అధ్యాయం మొత్తం మళ్లీ రాయాల్సి వచ్చింది.

దీనికి ఇంకో మెలిక ఉంది, నన్నడిగితే అసలు కథ అదే. సర్వీసు ఎవరి పేరున ఉంది? ఒక తోటలో స్టార్టర్ డబ్బా మీద పెయింటుతో రాసిన సర్వీసు నంబరును డిస్కం జాబితాతో సరిచూస్తుంటే పేరు కలవలేదు. "ఆ పేరు మా జేజినాయనది సార్, ఆయన పోయి చానా ఏండ్లాయె" అన్నాడు మోటారు నడుపుతున్న మనవడు. భూమి అన్నదమ్ముల మధ్య మూడు ముక్కలైంది, బోరు ఒకటే, వంతులవారీగా తడుపుకుంటారు. సబ్సిడీ ఏ ఖాతాలో పడాలి? ఇంకో చోట భూమి యజమాని బెంగళూరులో ఉంటాడు, సాగు చేసేది కౌలు రైతు. 2019లో ఆంధ్రప్రదేశ్ పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చింది, కౌలుదారుకు కార్డు వస్తుంది కానీ కరెంటు సర్వీసు మాత్రం భూమి ఉన్నవాడి పేరునే ఉంటుంది. డేటాబేసులో ఇది ఒక ఖాళీ గడి. పొలంలో మూడు కుటుంబాల తగాదా.

సర్వే చేసేటప్పుడు ఎవరితో వెళ్తున్నారన్నది చూసుకోండి. లైన్‌మ్యాన్ బండి వెనక కూర్చుని వెళ్తే అందరూ "మీటరు మంచిదే సార్" అంటారు. అదే ఊరికి, ఊళ్లో అల్లుడైన మా ఫీల్డు అసిస్టెంటుతో వెళ్తే వేరే ఊరికొచ్చామా అనిపించేది. 5 హార్స్‌పవర్ పేరు ప్లేటు పెట్టి లోపల 7.5 వైండింగ్ చేయించుకున్న సంగతి, లైనుకు కొక్కేలు వేసి కరెంటు లాగే సంగతి అప్పుడు బయటపడతాయి. ఇవి చెప్పినవాళ్లకు ప్రమాదమే. మంజూరైనదానికంటే ఎక్కువ లోడు వాడితే సెక్షన్ 126 కింద అసెస్‌మెంటు (లెక్కగట్టి చార్జీ వేయడం), కొక్కెం వేస్తే సెక్షన్ 135 కింద దొంగతనం. మీ ఫారం మీద సర్వీసు నంబరూ ఈ జవాబూ పక్కపక్కనే ఉంటే, మీరు పరిశోధన చేయడం లేదు, కేసుకు సాక్ష్యం రాస్తున్నారు. మేం నంబర్లు వేరే పుస్తకంలో, జవాబులు వేరే పుస్తకంలో రాసుకుని, రెంటినీ కలిపే తాళం ఒక్కరి దగ్గరే ఉంచాం. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో పరిశోధనకు మినహాయింపు ఉంది, అయితే ఆ డేటాను పట్టుకుని ఒక నిర్దిష్ట వ్యక్తి గురించి నిర్ణయం తీసుకోకూడదన్నది షరతు. డేటా పంచుకోమని ఎవరైనా అధికారి అడిగితే ఈ మాట పనికొస్తుంది.

చట్టం వాళ్లను చివర్లో పిలవొచ్చులే అనుకోకండి. నెదర్లాండ్స్‌లో స్మార్ట్ మీటర్లు ప్రతి ఇంటికీ తప్పనిసరి చేయబోతే, అది ఐరోపా మానవ హక్కుల ఒప్పందం ఆర్టికల్ 8కి విరుద్ధమని టిల్‌బర్గ్ యూనివర్సిటీ న్యాయ పరిశోధకులు 2008లో నివేదిక ఇచ్చారు. ఇంట్లో ఎవరున్నారో, ఎప్పుడు పడుకుంటున్నారో మీటరు చెప్పేస్తుంది మరి. 2009లో అక్కడి సెనేట్ ఆ తప్పనిసరిని ఆపేసింది, తర్వాత వద్దనే హక్కు ఇచ్చి తెచ్చారు. మన పంజాబ్‌లో 2018లో "పానీ బచావో, పైసా కమావో" అని ఇంకో దారి పట్టారు. ఇష్టమున్న రైతే చేరేలా, కోటాలో మిగిల్చిన ప్రతి యూనిట్‌కూ 4 రూపాయలు ఆయన ఖాతాలో పడేలా పెట్టారు. అక్కడ మీటరు లెక్కపెట్టింది రైతుకు రావాల్సిన డబ్బును. "మీటరుకు మీరు అనుకూలమా, వ్యతిరేకమా" అని సర్వేలో ఒక్క ప్రశ్న పెట్టి శాతాలు తీసేవాళ్లకు ఈ తేడా ఎప్పటికీ దొరకదు.

ఇక గైడ్ సంగతి. రిజిస్ట్రేషన్ ఇంజినీరింగ్‌లోనే చేయండి. డిగ్రీ మీద ఒకే సబ్జెక్టు పేరుంటే లెక్చరర్ పోస్టుల దగ్గర తలనొప్పి ఉండదు. న్యాయం లేదా ఆర్థికశాస్త్రం నుంచి కో-గైడ్‌ను మొదటి ఏడాదే కాగితం మీద పెట్టించుకోండి, నోటి మాట సరిపోదు. నా పేపరు ఒకటి ఇంజినీరింగ్ కాన్ఫరెన్సులో "ఇందులో ఇంజినీరింగ్ ఎక్కడుంది" అని, సామాజిక శాస్త్రం పత్రికలో "సిద్ధాంతం ఎక్కడుంది" అని తిరిగొచ్చింది. ఇలాంటి పనిని తీసుకునే పత్రికలు ఇప్పుడున్నాయి, 2014లో మొదలైన ఎనర్జీ రీసెర్చ్ అండ్ సోషల్ సైన్స్ వాటిలో ఒకటి. అయినా అధ్యాయానికొక సబ్జెక్టు చొప్పున విడిగా నిలబడే పేపర్లు రాసుకోవడం సేఫ్.

సినాప్సిస్ రాయకముందు ఒక పని చేయండి. రెండు రాష్ట్రాల విద్యుత్ నియంత్రణ మండళ్లూ ఏటా టారిఫ్ ఉత్తర్వులు వెబ్‌సైట్లో పెడతాయి. అందులో రైతు సంఘాలు, పరిశ్రమలు, మామూలు మనుషులు వేసిన అభ్యంతరాలు, వాటికి డిస్కంల జవాబులు, కమిషన్ అభిప్రాయం, అన్నీ వరుసగా ఉంటాయి, పైసా ఖర్చు లేదు. బహిరంగ విచారణకు వెళ్లి ఒక పూట కూర్చోండి, ఎవరైనా వెళ్లొచ్చు, ముందుగా రాసిస్తే మాట్లాడొచ్చు కూడా. అక్కడ ఏ ప్రశ్నకు డిస్కం వాళ్లు "పరిశీలిస్తాం" అని మాత్రమే అంటారో నోట్ చేసుకోండి. మీ టాపిక్ అందులోంచే దొరికే అవకాశం ఎక్కువ. మీది ఏ జిల్లానో కామెంట్లో చెబితే, ఆ వైపు ఎలాంటి ఫీడర్లు (సబ్‌స్టేషన్ నుంచి వచ్చే లైన్లు) ఉంటాయో, అనుమతికి ఏ స్థాయి అధికారిని కలవాలో నాకు తెలిసినంత రాస్తాను.