రెండు వేర్వేరు విషయాలను కలుపుతూ వజ్రాకారపు కవిత రాయడం ఎలా?

దీన్ని డయమాంటే అంటారు. 1969లో అమెరికాలో ఐరిస్ టీట్ రూపొందించిన పద్ధతి. ఏడు పాదాలు: ఒక నామవాచకం, రెండు విశేషణాలు, మూడు క్రియలు, నాలుగు నామవాచకాలు, మళ్లీ మూడు, రెండు, ఒకటి. అంతర్వేది దగ్గర గోదారి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసే చోటునే తీసుకుందాం:

గోదారి
ఎర్రటి, తియ్యటి
పారుతూ, పండిస్తూ, ఒండ్రుపోస్తూ
లంక, లాకు, కెరటం, ఉప్పు
ఎగసిపడుతూ, విరుగుతూ, వెనక్కిపోతూ
నీలి, లోతైన
కడలి

కిటుకంతా నాలుగో పాదంలోనే ఉంది. మొదటి రెండు మాటలు ఏటివి, తర్వాతి రెండు కడలివి. ‘లంక’ బదులు ‘నీరు’ అని రాస్తే రెండింటికీ సరిపోతుంది, మలుపే తెలియదు. అందుకే ముందు ఆ పాదం రాసుకోండి. మన మాటల పొడవు ఒకేలా ఉండదు కాబట్టి వజ్రం కాస్త వంకరగా వస్తుంది, పర్లేదు.