కారు రంగుకు మూడు రూపాయల వడ్డీనా?

ప్రశ్న: రాజమహేంద్రవరంలో ప్రైవేటు ఉద్యోగం చేస్తున్నాను. నెలకు 42 వేలు చేతికొస్తాయి, 36 వేలు ఖర్చవుతాయి. ఇంట్లో నేను, నా భార్య, ఇద్దరు పిల్లలు, మా అమ్మ (63). అమ్మకు ఆయాసం ఉంది. బ్యాంకులో 11 వేలున్నాయి. నా సెకండ్ హ్యాండ్ కారు 2013 మోడల్. రెండు తలుపుల అడుగున, వెనక చక్రం పైన తుప్పు పట్టింది. మొత్తం రంగు వేయడానికి షెడ్డులో 65 వేలు అడిగారు. వీడియోలు చూశాక ఇంటి పోర్టికోలోనే వేసుకోవచ్చనిపించింది. కంప్రెసర్, స్ప్రే గన్ను, ప్రైమర్ (రంగు కింద వేసే తొలి పూత), రంగు అన్నీ కలిపి 38 వేలవుతుంది. ఎపాక్సీ ప్రైమర్ కొనాలా, మామూలుది చాలా? డబ్బు క్రెడిట్ కార్డు ఈఎంఐలో పెట్టనా, తెలిసినాయన మూడు రూపాయల వడ్డీకి ఇస్తానంటున్నాడు, తీసుకోనా?

జవాబు: ప్రైమర్ సంగతి చెబుతాను. దానికంటే ముందు మీ ఉత్తరంలో నా కన్ను 11 వేల దగ్గర ఆగిపోయింది. ఐదుగురున్న మీ ఇంటికి రోజుకు 1,200 ఖర్చవుతోంది. అంటే మీ దగ్గరున్నది తొమ్మిది రోజుల డబ్బు. జీతం ఒక నెల ఆలస్యమైతే పదో రోజున ఎక్కడికి వెళ్తారు? ఆ తెలిసినాయన దగ్గరికే కదా.

షెడ్డులో 65, ఇంట్లో 38, కాబట్టి 27 వేలు మిగిలాయి అనుకుంటున్నారు. ఈ లెక్కతో నాకు తరచూ ఉత్తరాలు వస్తుంటాయి. ఒకరిది వంటగది, ఒకరిది బోరు, మీది కారు. చేతిలో లేని డబ్బులోంచి మిగిలేదేముందండీ? మూడు రూపాయల వడ్డీ అంటే 38 వేలకు నెలకు 1,140. ఏడాది తిరిగేసరికి 13,680 కట్టి ఉంటారు, అసలు అలాగే కూర్చుని ఉంటుంది. ఆసుపత్రి ఖర్చయితే ఎవరి కాళ్లయినా పట్టుకుంటాం, తప్పదు. బానెట్ మెరవడానికి ఆ వడ్డీ కడతారా? కార్డు ఈఎంఐ కొంత నయంలా కనిపిస్తుంది గానీ ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ కలిపి చూసుకోండి. మీ ఆవిడ బంగారం తాకట్టు ఆలోచన ఉంటే అదీ మానేయండి.

ఇక కారు. మీరు రాసినదాన్నిబట్టి తుప్పు మూడు చోట్లే ఉంది. మొత్తం రంగు ఎందుకు? ఆ మూడు చోట్లా వైరు బ్రష్‌తో, తర్వాత 80 నంబర్ ఉప్పు కాగితంతో మెరిసే ఇనుము తేలేదాకా గీకండి. జిడ్డు లేకుండా తుడిచాక చేత్తో తాకొద్దు. ఇనుము బయటపడిన చోటికి ఎపాక్సీ ప్రైమరే కావాలి, అక్కడ బేరం లేదు. మీరన్న మామూలు ప్రైమర్, అంటే బూడిదరంగు సర్ఫేసర్, చెమ్మ పీలుస్తుంది. పైన రంగు ఎంత బాగా కుదిరినా అడుగున తుప్పు తన పని తాను చేసుకుపోతుంది. పాత రంగు గట్టిగా ఉన్నచోట మాత్రం 320 పేపర్‌తో గరుకు చేసి సర్ఫేసర్ వేస్తే చాలు, ఎపాక్సీ దండగ. హార్డెనర్ (గట్టిపడటానికి కలిపే ద్రవం) కలిపిన ఎపాక్సీ కొన్ని గంటల్లో గడ్డకట్టిపోతుంది కాబట్టి డబ్బా మొత్తం ఒకేసారి కలపొద్దు. పల్చగా రెండు కోట్లు వేయండి. మధ్యలో ఎంతసేపు ఆగాలో డబ్బా మీదే రాసి ఉంటుంది. ముసురు పట్టిన రోజుల్లో ఈ పని పెట్టుకోకండి.

ఇంత చిన్న చోటుకు ఎపాక్సీ బ్రష్‌తో వేసినా పనవుతుంది. పైన మీ కారు రంగు స్ప్రే డబ్బా ఒకటి. పేపర్లు, లప్పం కలిపి అయిదారు వేలలో తేలుతుంది, అదీ రెండు నెలల జీతాల్లోంచి. కంప్రెసర్ కొనొద్దు. రంగే మార్చేద్దామనుకుంటే ఆర్‌సీలోనూ మార్పించాలి, ఆ తలనొప్పి వద్దు.

గన్ను వద్దనడానికి ఇంకో కారణం ఉంది. పీయూ (పాలీయురెథేన్) ప్రైమర్, పైన మెరుపుకు వేసే క్లియర్ కోటుల హార్డెనర్లలో ఐసోసైనేట్లనే, ఊపిరితిత్తులకు చేటు చేసే రసాయనాలు ఉంటాయి. గన్నుతో కొట్టినప్పుడు వచ్చే ఆ పొగమంచు లాంటి తుంపరను గుడ్డ మాస్కు ఆపలేదు. ఆయాసం మనిషి ఉన్న ఇంటి పోర్టికోలో కొడతానంటున్నారు! బ్రష్ పని కూడా వాసన లోపలికి రాకుండా దూరంగా, ఆరుబయట పెట్టుకోండి.

అమ్మగారికి హెల్త్ పాలసీ ఉందా? మీ ఉత్తరంలో ఆ ఊసే లేదు. ఆఫీసు పాలసీలో తల్లిదండ్రులు ఉన్నారో లేదో రేపే హెచ్ఆర్‌ను అడగండి. లేకపోతే ఆవిడకు విడిగా తీసుకోండి. ఆయాసం ఉన్న సంగతి దాచకండి, దాస్తే క్లెయిమ్ దగ్గర దొరికిపోతారు. ముందునుంచీ ఉన్న జబ్బులకు మూడేళ్ల వరకు వెయిటింగ్ పెట్టొచ్చు, అంటే అప్పటిదాకా వాటికి క్లెయిమ్ ఇవ్వరు. ఈ ఏడాది కాదు వచ్చే ఏడాది అనుకుంటే ఆ మూడేళ్ల లెక్క కూడా ఏడాది ఆలస్యంగా మొదలవుతుంది. మీరు పోర్టికోలో కంప్రెసర్ బిగిద్దామనుకున్న ఆదివారం ఈ ఫారాలు నింపండి.

కారు ఇన్సూరెన్సు కాగితం కూడా తీయండి. ఓనర్-డ్రైవర్‌కు 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ ఉందో లేదో చూడండి. తుప్పుకు ఏ పాలసీ అయినా పైసా ఇవ్వదు, ఆ ఆశ పెట్టుకోకండి. 2028లో బండికి పదిహేనేళ్లు నిండుతాయి. రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు ఫిట్‌నెస్ చూస్తారు, ఫీజులు ఉంటాయి. అప్పటికి ఈ కారు ఉంచుతారో లేదో మీకే తెలియదు. దానికి ఇప్పుడు ఒంటినిండా రంగా?

నెలకు మిగిలే ఆరు వేలలో తుప్పు పనికి రెండు నెలలు మూడేసి వేలు తీయండి. ప్రీమియం పోగా మిగిలిందంతా జీతం పడిన రోజే వేరే ఖాతాలోకి మళ్లించండి, దానికి ఏటీఎం కార్డు తీసుకోవద్దు. మొదటి మజిలీ లక్షా ఎనిమిది వేలు, అంటే మూడు నెలల ఖర్చు. ఏడాదిన్నర పైనే పడుతుంది. పడనివ్వండి. బోనస్ వస్తే అదీ అందులోకే. మీ పేరున టర్మ్ పాలసీ (జీవిత బీమా) లేకపోతే దాని గురించి మళ్లీ రాయండి.

తలుపుల అడుగున లప్పం పెట్టేటప్పుడు ఒకటి చూసుకోండి. అక్కడ వాన నీళ్లు కారిపోవడానికి చిన్న కన్నాలుంటాయి. నా పాత కారుకు నేను ఇలాగే సొంత వైద్యం చేసి, నున్నగా రావాలని వాటిని కూడా పూడ్చేశాను. ఆ వర్షాకాలమంతా తలుపు తీసినప్పుడల్లా లోపల నీళ్లు గలగలమనేవి. దసరాకల్లా రంగు కింద బుడగలు లేచాయి.