తెగులు లేని మొక్కా, తెగులును తట్టుకునే మొక్కా?

ప్రశ్న: బీఎస్సీ బయోటెక్నాలజీ రెండో ఏడాది చదువుతున్నాను. టిష్యూకల్చర్‌తో తెగుళ్లను తట్టుకునే నిమ్మ, బత్తాయి మొక్కలను తయారు చేసే రంగంలోకి వెళ్లాలని ఉంది. పీజీలో ఏం తీసుకోవాలి? జీవితమంతా ల్యాబ్‌లోనే గడపాలా?

జవాబు: మీ ప్రశ్నలో రెండు పనులు కలిసిపోయాయి. టిష్యూకల్చర్, అంటే చిన్న కణజాలం ముక్క నుంచి ల్యాబ్‌లో మొక్కను పెంచడం, మామూలుగా ఇచ్చేది తెగులు లేని మొక్కను, తట్టుకునే మొక్కను కాదు. ల్యాబ్ నుంచి శుభ్రంగా వచ్చిన బత్తాయి మొక్క అయినా సరే, నిమ్మజాతి చెట్లకు వచ్చే గ్రీనింగ్ అనే జబ్బు బ్యాక్టీరియాను మోసే సిల్లిడ్ పురుగు వాలి రసం పీల్చిందంటే దానికీ ఆ జబ్బు అంటుకుంటుంది. నేను ఇంటర్వ్యూ చేసేవాడినైతే మొదట ఈ తేడానే అడుగుతాను.

తెగులు లేని మొక్కను తయారు చేయడం చేతిపని. చీకట్లో రెండు వారాలు పెంచిన మొలక తల కోసి, దాని మీద మనకు కావలసిన రకం నుంచి తీసిన 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్ల చిగురు కొసను మైక్రోస్కోప్ కింద అంటు కడతారు. కొసనే ఎందుకంటే, వైరస్ సాధారణంగా అక్కడిదాకా చేరదు. ముక్క కాస్త పెద్దదైతే అంటు సులువుగా అతుక్కుంటుంది కానీ వైరస్ కూడా వెంట రావచ్చు. మరీ చిన్నదైతే ఎండిపోతుంది. కాలిఫోర్నియాలో శాస్త్రవేత్త మురాషిగె బృందం 1972లో మొదలుపెట్టిన ఈ పద్ధతిని 1975లో తోటి శాస్త్రవేత్తలు నవారో, రాయిస్టేకర్‌లతో కలిసి ఆయనే గాడిన పెట్టారు. తర్వాత నవారో దాన్ని స్పెయిన్‌లో పెద్ద ఎత్తున అమలు చేశారు. గింజలోని తల్లి కణజాలం నుంచి కూడా వైరస్ లేని మొక్క వస్తుంది, కాకపోతే అది ముళ్లతో పెరిగి, కాపుకు ఏళ్లు పడుతుంది.

తట్టుకునే రకాన్ని తయారు చేయడం వేరే సంగతి. అది జన్యుశాస్త్రం. ట్రైఫోలియేట్ నారింజకు ట్రిస్టెజా వైరస్‌ను ఎదిరించే గుణం ఉంది, ఆస్ట్రేలియా ఫింగర్ లైమ్‌కు గ్రీనింగ్‌ను తట్టుకునే గుణం ఉంది. అలాంటి గుణాలను మనకు కావలసిన రకంలోకి తేవడానికి సంకరం చేస్తారు, కణాలను కలుపుతారు, జన్యువులను సవరిస్తారు. గజ్జి తెగులు విషయంలో ఒక జన్యువును సవరించి నిరోధకత సాధించారు కూడా. ఇక్కడ టిష్యూకల్చర్ ఒక మెట్టు మాత్రమే: సవరించిన కణం నుంచి మళ్లీ మొక్కను మొలిపించడం. చెట్టు కాపుకొచ్చేదాకా రుచి, దిగుబడి తేలవు కాబట్టి మీ పీహెచ్‌డీ అయిపోయినా మీ మొక్క కాయ మీరు చూడకపోవచ్చు. ఫ్లోరిడాలో గ్రీనింగ్ 2005లో బయటపడింది. ఇప్పటికీ పూర్తి పరిష్కారం దొరకలేదు.

కాబట్టి ఏ కోర్సుకైనా మీ డిగ్రీతో సీటు ఇస్తారో లేదో ముందే కనుక్కోండి. రెండోదే మీ మనసులో ఉంటే పీజీలో ప్లాంట్ పాథాలజీ గానీ, జెనెటిక్స్ అండ్ ప్లాంట్ బ్రీడింగ్ గానీ తీసుకోండి. ఉత్త బయోటెక్నాలజీ అనే పేరు చూసి చేరొద్దు, స్టాటిస్టిక్స్‌ను తప్పించుకోవద్దు. మొదటిదైతే హార్టికల్చర్ చాలు. అందులో అన్నీ ల్యాబ్ పనులే కావు. పురుగు చొరని నెట్ హౌస్‌లో తల్లి మొక్కలను కాపాడటం, తెగులు ఉందో లేదో తేల్చే పీసీఆర్, ఎలైసా పరీక్షలు, ల్యాబ్ మొక్కను బయటి గాలికి అలవాటు చేయడం, నర్సరీల తనిఖీ కూడా ఉంటాయి. పీహెచ్‌డీ లేకుండానే వీటిలో నిలదొక్కుకోవచ్చు.

నిర్ణయం మాత్రం ఇప్పుడే వద్దు. ఈ సెలవుల్లో మైక్రోస్కోప్ ముందు కూర్చుని వంద చిగురు కొసలు కోసి చూడండి. మొదటి యాభై పాడైపోతాయి, వాటి గురించి టెన్షన్ పడకండి. మిగతా యాభై కోస్తున్నప్పుడు గడియారం ఎన్నిసార్లు చూశారో గుర్తుపెట్టుకుని మళ్లీ నాకు రాయండి.